ఇద్దరు బాలింతలు

ఆ వేసవిలో మా ఇంట్లో ఇద్దరం బాలింతలం ఉండేవాళ్లం. నాకు ఇరవై మూడేళ్లు. రెండో ఆవిడకి డెబ్బై ఎనిమిది.

రెండో ఆవిడ మా ఆయన నాయనమ్మ, పేరు ఖైరినిసో. మా ఊరు రిష్టాన్‌లో వీధి వీధంతా ఆమెని బువి అనే పిలుస్తుంది, సొంత నాయనమ్మని పిలిచినట్టు. ఎవరింట్లో పురుడొచ్చినా చిల్లా కాపలా ఆమెదే. బాలింతా బిడ్డా గడప దాటకుండా గడిపే నలభై రోజులని మావైపు చిల్లా అంటారు. ఆ నలభై రోజులూ బయటి మనిషి నీడ లోపల పడనిచ్చేది కాదు బువి. నేను కోకంద్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఏడాది దాటినా, ఆమె నాతో ఆడిన మాటలన్నీ రాస్తే ఒక కాగితం నిండదు. పొద్దున్నే నేను వాకిలి ఊడుస్తుంటే వసారాలో కూచుని చూసేది. నేను వదిలేసిన ఆకు ఎక్కడుందో చేతికర్రతో చూపించేది. ఆమె దగ్గు వినబడితే చాలు, నా చేతిలో చీపురు తడబడేది.

ఆ దగ్గంటే ఇంట్లో అందరికీ భయమే, వేరే కారణానికి. అంతకుముందు చలికాలం ఆమెకి ఊపిరితిత్తులకి నిమ్ము చేసి పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా మావయ్యని పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదని చెప్పాడట. దానికి తోడు చక్కెర జబ్బు. సరిగ్గా అలాంటప్పుడు కరోనా వచ్చిపడింది.

మావయ్య, అంటే బువి పెద్ద కొడుకు మమసోలి, ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు మాస్టారు. ఎవరైనా ఒక ఆజ్ఞ జారీ చేస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. జాగ్రత్తల గురించి ఫోన్లో వచ్చిన ప్రతి సందేశాన్నీ పొద్దున టీ దగ్గర నిటారుగా నిలబడి చదివి వినిపించేవాడు. చిక్కేమిటంటే సందేశాలు రోజుకొక తీరున వచ్చేవి. అరవై అయిదు దాటినవాళ్లు ఇల్లు కదలకూడదని సోమవారం వచ్చింది. పెద్దవాళ్లు రోజూ అరగంట ఆరుబయట నడవాలని బుధవారం వచ్చింది. కిటికీలు తెరిచి ఉంచమని ఒకరు, ముసలివాళ్లకి గాలి తగలనివ్వద్దని ఇంకొకరు. పాతదాన్ని రద్దు చేశామని ఎవరూ చెప్పరు కాబట్టి మావయ్య అన్నిటినీ కలిపి అమలు చెయ్యాలని చూసేవాడు. ఒకరోజు ఆయన కిటికీ సగం తెరిచి, సగానికి దుప్పటి కట్టాడు.

బువికి కూడదన్న మాట చెవిన పడేది కాదు. చెయ్యొచ్చన్న మాట మాత్రం పక్కింట్లో గుసగుసగా అన్నా వినబడేది. అరగంట నడవచ్చని తెలిసిన రోజున లేచి నడిచింది. సరిగ్గా అరగంట నడిచి, ఊరవతల ఒక నిశ్చితార్థం ఇంట్లో తేలింది. మావయ్య వెతుక్కుంటూ వెళ్లేసరికి మూడు గంటలుగా పదిమంది మధ్య కూచుని పలావు తింటోంది. తీసుకొస్తుంటే దారి పొడుగునా ఆయనకే చీవాట్లు.

"నడిచింది అరగంటే. కూచోడానికి మీవాళ్లు లెక్క చెప్పలేదు."

వీధి తలుపుకి తాళం వేస్తే పెరటి కాలవ పక్క నుంచి పోయేది. మాస్కు ఇస్తే పెరుగు గిన్నె మీద మూతగా కట్టింది. జూన్ చివర్లో మా వీధిలో వారం తేడాలో ఇద్దరు ముసలివాళ్లు పోయారు. ఇద్దరూ బువి ఈడువాళ్లే. ఆ చావు ఇళ్లకి ఆమె వెళ్లకుండా మా అత్తయ్య సబోహత్ గుమ్మానికి అడ్డంగా పడుకుంది. బువి కోడలిని దాటలేక ఆగింది కానీ, రెండు రోజులు అన్నం మానేసింది. ఇలా ఎన్నాళ్లు ఆపగలమో మాలో ఎవరికీ తెలియదు.

జులై ఒకటిన నాకు ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు ఇంటికొచ్చాను. ఆ మధ్యాహ్నమే మా పేట నర్సు దిల్‌బహోర్ ముఖానికి రెండు మాస్కులు కట్టుకుని వచ్చి, ద్రాక్ష పందిరి కింద దూరంగా నిలబడింది. చేతిలో ఒక జాబితా ఉంది. ప్రత్యేకంగా కాపాడుకోవలసిన మనుషుల జాబితా అది. మా ఇంటి నుంచి అందులో రెండు పేర్లున్నాయి, ఒకటి బాలింతనని నాది, ఇంకొకటి ముసలితనానికీ జబ్బులకీ కలిపి బువిది. ఇద్దరికీ ఒకటే పేజీ. ఆమె గడగడా చదివేసింది. విడి గది ఇవ్వాలి. బయటివాళ్లు లోపలికి రాకూడదు. గిన్నె, చెంచా, తువ్వాలు వేరుగా ఉండాలి. గడప దాటకూడదు. బలమైన తిండి పెట్టాలి. మనసు నొచ్చుకునే మాటలు అనకూడదు. ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి.

బువి చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని అంతా వింది. ఆ వేసవిలో ఆమె ఒక కాగితాన్ని చివరిదాకా వినడం అదే మొదటిసారి.

"ఇది చిల్లా కదుటే," అంది.

దిల్‌బహోర్‌కి అర్థం కాలేదు. ఇంకా ముప్పై ఇళ్లు తిరగాలి ఆమె. రాసింది రాసినట్టు చదివానంది.

"దానికి రాశారు, సరే. నాకెందుకు రాశారు?"

"ఇద్దరిదీ ఒకటే బువీ. ఆ అమ్మాయికి ఏ నియమమో మీకూ అదే."

"ఎన్నాళ్లు?"

నర్సు కాగితం తిరగేసి చూసింది. గడువు ఎక్కడా లేదు. నా వైపు వేలు చూపించి, ఆ అమ్మాయితో పాటే మీరూనూ అనేసి వెళ్లిపోయింది. ఏ ఉద్దేశంతో అందో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలామెని వదిలించుకోవడానికే అని ఉంటుంది.

బువి చాలాసేపు పందిరి కేసి చూస్తూ కూచుంది. తర్వాత అత్తయ్యని పిలిచి, ప్రభుత్వం తనని చిల్లాలో పెట్టిందని చెప్పి, పరుపు నా గదిలో వెయ్యమంది. ఇంట్లో విడిగా తలుపున్న గది అదొక్కటే. అది పొరపాటని చెప్పబోయిన మావయ్య కాలు అత్తయ్య గట్టిగా తొక్కింది. ఆయన నోరు మూసుకున్నాడు. వాళ్ల ముఖాల్లో వెలుగు చూస్తే నాకు ఏడుపొచ్చింది. చీపురు పట్టుకుంటేనే వణికించే మనిషితో నలభై రోజులు ఒకే గదిలో ఉండాలి నేను.

కానీ ఏ డాక్టరూ, ఏ సందేశమూ, ఏ తాళమూ చెయ్యలేని పని ఆ పొరపాటు చేసింది. బువి గడప దాటలేదు. పక్కింటి మనిషి కిటికీ దగ్గరికొస్తే కర్ర ఎత్తి తరిమేసింది. మా ఆయన షెర్‌కూజి కుండల బట్టీలో పదిమందితో కలిసి పనిచేస్తాడు కాబట్టి, స్నానం చేసి వచ్చినా నాలుగు గజాల అవతలే నిలబెట్టి, పిల్లని కిటికీ అద్దంలోంచి చూపించేది. దిండు కింద రొట్టె ముక్క, ఉల్లిపాయ, చిన్న కత్తి పెట్టాలి కదా బాలింతకి. నా దిండు కింద పెట్టింది. తన దిండు కిందా పెట్టుకుంది. దిష్టీ రోగమూ సోకకుండా పొద్దునా సాయంత్రం ఇసిరిక్ ఆకు పొగ వేయించేది. గదిలో మేమిద్దరం, మధ్యలో ఊగే తొట్టిలో నా కూతురు, బయట నిప్పులు చెరిగే ఎండ.

ఐదో రోజున నా కాళ్లకి నువ్వులనూనె రాసి మర్దనా చేసింది. ఆమె చేతులు అంత మెత్తగా ఉంటాయని నేను ఊహించలేదు. అయ్యాక కాస్త జరిగి, తన కాళ్లు చాపి నూనెగిన్నె నా వైపు తోసింది.

"నేనూ జాబితాలో ఉన్నాను," అంది.

రాశాను. కళ్లు మూసుకుంది. కాసేపటికి, ఇలా ఉంటుందా అని ఎవరితోనో అన్నట్టు అనుకుంది. నేను పట్టించుకోలేదు.

అసలు గొడవ కలకండ దగ్గర వచ్చింది. బాలింతకి కలకండ వేసిన టీ ఇవ్వాలి, అది మా ఆచారం. అత్తయ్య నా ఒక్కదానికే పంపింది. బువి చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో, అంత ధైర్యం ఎక్కడిదో నాకే తెలియదు. ఆ ఇంట్లో ఆమెకి ముఖం మీదే కాదని చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు.

"బాలింతకి కలకండ పెట్టనంటావా?"

"పెడతాను. చక్కెర జబ్బున్న బాలింతకి పెట్టను, బువీ."

ఆమె నా కేసి చూసింది. కర్ర లేస్తుందనుకుని పిల్లని దగ్గరికి లాక్కున్నాను. ఆమె పొట్ట కదలడం మొదలైంది. నవ్వుతోంది. నవ్వి నవ్వి దగ్గొచ్చి, మంచినీళ్లు తాగి మళ్లీ నవ్వింది. చక్కెర జబ్బున్న బాలింత అని నన్నే వెక్కిరిస్తూ సాయంత్రం దాకా అదే మాట. ఆ రోజు నుంచి ఆమె నన్ను కోడలా అనడం మానేసి నఫోసత్ అని పేరు పెట్టి పిలిచింది. నాకు పెళ్లయినప్పుడు ఇచ్చిన గాజుల కంటే అది ఎక్కువ సంతోషం కలిగించింది.

పన్నెండో రోజున పేట వైద్యశాల నుంచి ఫోనొచ్చింది. కాపాడుకోవలసిన జాబితాలో ఉన్న పెద్దలందరూ స్వయంగా వచ్చి పేరు సరిచూసుకోవాలట. ఇల్లు కదలకూడని వాళ్లు స్వయంగా ఎలా వస్తారని మావయ్య అడిగితే, అటుపక్క అమ్మాయి రెండూ ఆజ్ఞలేనంది. ఆయన ఏం చెయ్యాలో తోచక ఫోను కిటికీలోంచి బువికి అందించాడు.

"రాను తల్లీ. చిల్లాలో ఉన్నాను," అంది బువి.

మీ వయసెంతమ్మా అని అడిగింది ఆ అమ్మాయి. బువి చెప్పింది. శుభాకాంక్షలు చెప్పి ఆ అమ్మాయి ఫోను పెట్టేసింది. మా వీధిలో మిగతా పెద్దవాళ్లు వెళ్లారు. ఎండలో మూడు గంటలు వరసలో నిలబడి ఒక్కో కాగితం తెచ్చుకున్నారు. అందులో ఇల్లు కదలొద్దని రాసి ఉంది.

రోజులు ఇట్టే గడిచిపోయాయి. అప్పటిదాకా నలభై రోజులంటే జైలనుకునేదాన్ని. బువి ఈ వీధిలో కాపలా కాసిన పురుళ్లన్నీ వరసగా చెప్పేది. ఎవరి మొగుడు కిటికీ దూకబోయి బోర్లా పడ్డాడో, ఏ కవలలకి ఏడేళ్లు వచ్చేదాకా పేర్లు తారుమారై ఉన్నాయో. నేను నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగేదాన్ని. పిల్ల పాలు తాగాక ఇద్దరం వంతులేసుకుని తేన్పు తెప్పించేవాళ్లం. పుచ్చపండులాంటి తీపి తిండి ఆమెకి లేదు కాబట్టి నేనూ ఆమె ముందు తినడం మానేశాను. నేను మానేశానని గమనించి, తిను, పాలు ఎలా వస్తాయని తిట్టింది.

ఇరవై మూడో రోజు పొద్దున మావయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. ముఖం చూస్తేనే కొత్త ఆజ్ఞ వచ్చిందని తెలిసిపోయింది. పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఒకే గదిలో ఉండకూడదట, వెంటనే వేరు చెయ్యాలట. ఆయన అప్పటికే సహాయ కేంద్రానికి మూడుసార్లు ఫోన్ చేశాడు. మొదటివాళ్లు ఈ క్షణమే వేరు చెయ్యమన్నారు. రెండోవాళ్లు మూడు వారాలుగా కలిసి ఉన్నవాళ్లని ఇప్పుడు కదపొద్దన్నారు. మూడోవాళ్లు మీ ఇంటి పరిస్థితిని బట్టి చూసుకోమన్నారు. తల్లి ప్రాణం విషయంలో పొరపాటు జరక్కూడదని ఆయన తపన. వసారా చివర ఒక మంచం వేసి, చుట్టూ తెర కట్టేశాడు. ఈ పూటే మారాలి అమ్మా అన్నాడు.

ఇరవై రోజుల క్రితం అయితే ఆ మాటకి నేను ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు రెండు భయాలు పట్టుకున్నాయి. వసారాలోకి వెళ్తే అక్కడి నుంచి వీధి తలుపు పది అడుగులు. చిల్లా చెడిపోయిందనుకుంటే ఆమె ఆగదు. అది ఒక భయం. ఆమె లేని గది ఎలా ఉంటుందో తలుచుకుంటే కలిగినది ఇంకొక భయం, అది మరీ నా సొంతం. కానీ కోడలిని, మావయ్యకి ఎదురు చెప్పలేక పిల్ల బట్టలు మడతపెడుతూ కూచున్నాను.

బువి కోప్పడలేదు. కర్ర ఎత్తలేదు. తొట్టి ఊపడం ఆపకుండానే మాట్లాడింది.

"మమసోలీ, నువ్వు పుట్టింది పత్తి ఏరే రోజుల్లో."

"తెలుసమ్మా."

"నాలుగో రోజున సమష్టి పొలం బ్రిగేడు పెద్ద వచ్చి చేలోకి రమ్మన్నాడు. వెళ్లాను. ఒడి కట్టుకుని పత్తి ఏరుతుంటే నువ్వు బండి కింద పడుకునేవాడివి. ఏడిస్తే ఒక వరస పూర్తి చేసి వచ్చి పాలిచ్చేదాన్ని. నీ తర్వాత ఆరుగురు. ఏ ఒక్కరికీ నాకు పది రోజులు దాటలేదు. ఈ వీధిలో అందరి చిల్లా నేనే కాపలా కాశాను. అది లోపల్నించి ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది." ఆమె చెయ్యి తొట్టి మీద ఆగింది. "ఇరవై మూడు అయ్యాయి నాయనా. ఇంకో పదిహేడున్నాయి. వాటిని తియ్యకు."

ఆ కాగితం నిజానికి తనని చిల్లాలో పెట్టలేదని ఆమెకి మొదటి నుంచీ తెలుసునని నాకు అప్పుడర్థమైంది. దిల్‌బహోర్ మాటని ఆమె తప్పుగా అర్థం చేసుకోలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే.

మావయ్య కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాడు. ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి వసారాలో తెర విప్పుతున్న చప్పుడు వినబడింది. ఆ తర్వాత వంటింట్లోంచి మాడిన వాసన. అరగంటకి ఒక గిన్నె పట్టుకుని మళ్లీ వచ్చాడు. బాలింతలకి పెట్టే పిండి జావ, పుట్టి బుద్ధెరిగి పొయ్యి దగ్గరికి వెళ్లని మనిషి తనే కాచాడు. అడుగంటి నల్లగా ఉంది. బువి చెంచాతో గీకి మరీ తినేసింది. మా ఆయన పుట్టినప్పుడు అత్తయ్యకి తను కాచి పెట్టిన జావ ఇంతకంటే అధ్వానంగా ఉండేదని నాకు చెప్పింది. అబద్ధమే అనుకుంటాను.

తర్వాతి పదిహేడు రోజులూ ఆ ఇల్లు ఇల్లంతా ఒక ముసలి బాలింత చుట్టూ తిరిగింది. మావయ్య రోజూ జావ కాచాడు, వారానికి మాడకుండా కాచడం వచ్చింది. అత్తయ్య కొత్త గౌను కుట్టింది, పండిన రేగుపండు లాంటి ఉన్నాబీ రంగుది. షెర్‌కూజి బట్టీ నుంచి నీలం పూల టీ గిన్నెలు, పియాలాలు రెండు చేసి తెచ్చి కిటికీలో పెట్టాడు, ఒకటి తల్లికి, ఒకటి పెద్ద తల్లికి అని. బువి ఎవరైనా గట్టిగా మాట్లాడితే చాలు, మనసు నొచ్చుకునే మాటలు కూడదని కాగితంలో ఉందని గుర్తుచేసేది. నిజంగా నొచ్చుకున్నట్టు ముఖం పెట్టడం కూడా నేర్చుకుంది.

నలభయ్యో రోజు వచ్చింది. ఆ రోజు బాలింతకీ బిడ్డకీ తల మీద నలభై చెంచాల నీళ్లు పోస్తారు, ఒక్కో చెంచాకి ఒక్కో మంచి మాట చెబుతూ. పోసేది ఎప్పుడూ బువే. ముందు నా కూతురికి పోసింది, తర్వాత నాకు. చెంచా కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుని పక్కకి జరిగింది. తనకి ఎవరైనా పోస్తారన్న ఆలోచన ఆమెకి ఉన్నట్టు లేదు. అంత ముసలి వయసులోనూ చిల్లా అంతా కావాలని అడిగి తీసుకుంది, ఈ ఒక్కటీ అడగలేదు.

నేను చెంచా తీసుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూచున్నాను. తెల్ల రుమాలు విప్పాను. సన్నటి జడ భుజం మీదికి జారింది. మూసిన కిటికీ అవతల అత్తయ్య, మా ఆయన, మావయ్య నిలబడ్డారు. లెక్క నేను పెడతానన్నాడు మావయ్య. మైదానంలో పిల్లలచేత కసరత్తు చేయించే గొంతుతో ఒకటి అన్నాడు. నేను పోశాను, నీ ఊపిరి చల్లగా ఉండాలి అన్నాను. రెండు అన్నాడు. పక్కిళ్లవాళ్లు గోడల మీంచి తొంగి చూశారు. పదికి వచ్చేసరికి గోడల అవతల ఆడవాళ్లు కూడా లెక్కలో గొంతు కలిపారు. వాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు బువి నీళ్లు పోసిందే కదా. ఇరవై అయిదు దగ్గర నా మంచి మాటలు అయిపోయాయి, గోడల మీంచి వాళ్లు అందించారు. కాళ్లు నొప్పి పుట్టకూడదని ఒకరు, ఈ పిల్ల పెళ్లిలో గంతులెయ్యాలని ఇంకొకరు. బువి తల వంచుకుని కూచుంది. ముఖం మీద కారుతున్నవి ఏ నీళ్లో తేల్చుకోలేకపోయాను.

ముప్పై తొమ్మిది అన్నాక ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు."

"ఇంకొక్కటే ఉంది బువీ."

"అది పోస్తే చిల్లా అయిపోతుంది. మీ మావ ఫోన్లో కట్టడి ఎప్పటిదాకా ఉంది?"

"పదిహేనో తారీఖు దాకా. ఇంకా ఐదు రోజులు."

"వీధి చివర రెండు పురుళ్లు రాబోతున్నాయి. చిల్లా లేకపోతే ఎవరు పిలిచినా వెళ్లిపోతాను. నా సంగతి నాకు తెలుసు. ఆ నలభయ్యోది అలా పక్కన పెట్టు."

నీలం పూల పియాలాలో ఒక చెంచా నీళ్లు పోసి కిటికీ గూట్లో పెట్టాను. మావయ్య లెక్క ఆపేశాడు. గోడల అవతల ఎవరూ నవ్వలేదు.

ఆగస్టు ఎండకి ఒక చెంచా నీళ్లు ఎంతసేపుంటాయి. సాయంత్రానికి పియాలా ఎండిపోయింది. చూసి కంగారుపడ్డాను, బువికి చెప్పలేదు. మర్నాడు తెల్లవారుతూనే పిల్లకి పాలిస్తుంటే కిటికీ రెక్క మెల్లగా తెరుచుకుంది. మావయ్య చెయ్యి లోపలికొచ్చింది. చెంచాతో నీళ్లు పియాలాలో వంపి, చుక్క కింద పడకుండా వెనక్కి తీసుకున్నాడు. రోజూ అంతే. సాయంత్రం ఎండేది, పొద్దుటికి ఉండేది.

పదిహేనో తారీఖు వచ్చింది. మధ్యాహ్నం వీధిలో బండి ఒకటి మైకు పెట్టుకుని తిరిగింది. కట్టడి సడలించారని, దుకాణాలు తెరవచ్చని, ఇంకా ఏవేవో చెబుతోంది. బువి చెవులు ఎప్పుడూ బాగానే పనిచేస్తాయి. ఆమె పిల్ల తొట్టి మీద గుడ్డ సర్ది, పడుకుని కళ్లు మూసుకుంది.

"నఫోసత్, ఆ కిటికీ ముయ్యి. పిల్లకి గాలి తగులుతుంది."

మూశాను. ఆ రోజు మావయ్య ఫోన్లో వచ్చిన సందేశం ఎవరికీ చదివి వినిపించలేదు. మర్నాడు తెల్లవారేసరికి పియాలాలో చెంచాడు నీళ్లున్నాయి. ఆ తర్వాత ఇంకో పన్నెండు రోజులు కూడా ఉన్నాయి.